అరచేయి పట్టేంత వదులు

నేను భయస్తురాలిని. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. విమానంలో కిటికీ పక్కన కూర్చోను, కుక్కర్ మూత తియ్యను, మా ఆయన కిరణ్ కారు నడుపుతుంటే పక్క సీట్లో లేని బ్రేకుని తొక్కుతూనే ఉంటాను. అలాంటి నేను పోయిన జనవరిలో పదకొండు నెలల పిల్లని కార్లో వేసుకుని, ఎడిసన్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా వెళ్ళి వచ్చాను. ఇదే దారిన మీలో చాలామంది పిల్లలతో వెళ్తారని తెలుసు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వెళ్ళింది అక్కడ కొండ మీది గుడిలో పుట్టు వెంట్రుకలు తీయించడానికి. బేసి నెలలో తియ్యాలి, ఏడాది దాటకూడదు. తొమ్మిదో నెలలో మా అన్వికి చెవి నొప్పి వచ్చింది. ఇక మిగిలింది పదకొండో నెల, అది సరిగ్గా జనవరిలో పడింది. ఈ చలిలో గుండేమిటి అని నేను గింజుకున్నాను. ఆరు నెలలు ఉండి వెళ్దామని కాకినాడ నుంచి వచ్చిన మా అత్తయ్య వినలేదు.

"నీ పురుటప్పుడే మొక్కుకున్నానమ్మాయ్, ఆ కొండ మీద స్వామికే ఇస్తానని. ఇప్పుడు మాట తప్పమంటావా?" అంది.

మాట తప్పమనే ధైర్యం నాకెక్కడిది? సోమవారం సెలవు కలిసొచ్చిన వారం చూసి హోటల్ బుక్ చేశాం.

శుక్రవారం ఉదయం ఎనిమిదీ ఇరవైకి బయల్దేరాం. బయట పద్దెనిమిది డిగ్రీలు, ఫారెన్‌హీట్‌లో, అంటే నీళ్ళు గడ్డకట్టే చలి. కిరణ్ పావుగంట ముందే కిందికి వెళ్ళి కారు వేడి చేశాడు. పిల్లకి లోపల రెండు చొక్కాలు, పైన సేల్‌లో కొన్న గులాబీ రంగు జాకెట్. దూది కూరినట్టు ఉబ్బిన జాకెట్ అది. అది తొడిగితే అన్వి చేతులు కిందికి దించలేదు, పూర్ణం బూరెలా కూర్చుంటుంది. కార్ సీట్ బెల్టులు ఆ జాకెట్ మీదుగా రాలేదు. కిరణ్ వాటిని బాగా వదులు చేసి తెచ్చి, మధ్యలో క్లిప్ టక్కున పెట్టాడు. నేను వేలు దూర్చి చూశాను. దూరలేదు. హమ్మయ్య, గట్టిగా ఉంది అనుకున్నాను.

అంతటితో ఊరుకున్నానా? ఫోటో తీసి మా అమ్మల వాట్సాప్ గ్రూపులో పెట్టాను, "చలికి సవాల్! పిట్స్‌బర్గ్‌కి రెడీ!" అని. ఇరవై ముగ్గురు హార్ట్‌లు కొట్టారు. నిరుడు మా పక్క ఫ్లాట్ నుంచి ఆష్‌బర్న్‌కి మారిపోయిన లావణ్య, "అక్కా, జాకెట్ మస్తుగుంది, లింక్ పెట్టవా? మా బాబుకి గూడ తీస్కుంట" అంది. పెట్టాను. డీల్ దొరికితే నలుగురికీ చెప్పకపోతే మనకి తిన్నది అరగదు కదా.

ముందు సీట్లో అత్తయ్య, వెనక పిల్ల పక్కన నేను. పిల్ల సీటు వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి దాని మొహం నాకు తప్ప ఎవరికీ కనపడదు. డెబ్భై ఎనిమిదో నంబరు హైవే మీద హారిస్‌బర్గ్ దాకా దారి పొడిగానే ఉంది. తొమ్మిదిన్నరకి ఇడ్లీ, కారప్పొడి కార్లోనే తిన్నాం. పదకొండు దాటాక ఓ ట్రక్కు సిగ్నల్ వెయ్యకుండా మా ముందుకి వచ్చేసింది. కిరణ్ బ్రేకు గట్టిగా తొక్కాడు. ఎవరినీ గుద్దలేదు. కానీ అన్వి సీట్లో పైకి జారింది. తల సీటు అంచు దాకా వచ్చింది, ఎడమ భుజం బెల్టులోంచి బయటికి వచ్చేసింది. భుజాన్ని మళ్ళీ లోపలికి తోశాను.

"దిష్టి! ఆ ఫోటో పెట్టొద్దని అన్నానా లేదా?" అంది అత్తయ్య.

నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. ఇరవై ముగ్గురి కళ్ళు పడ్డాయని లెక్కేసుకున్నాను. బెల్టు గురించి ఆలోచనే రాలేదు.

పదకొండూ నలభైకి టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీద, పెట్రోలూ తిండీ దొరికే సర్వీస్ ప్లాజాలో ఆగాం. డైపర్ మార్చి, జాకెట్ తొడిగి, మళ్ళీ బెల్టు పెడుతున్నాను. పక్క కారులోంచి ఓ పెద్దావిడ దిగింది. నెరిసిన జుట్టు, చేతిలో కాఫీ ఫ్లాస్కు. కాసేపు చూసి, కోపం తెచ్చుకోనంటే ఒక మాట చెప్తానని ఇంగ్లీషులో అడిగింది. వాళ్ళ ఊరి ఫైర్ స్టేషన్‌లో చాలా ఏళ్ళు అమ్మానాన్నలకి కార్ సీట్లు బిగించడం నేర్పేదట.

"జాకెట్ తీసెయ్. బెల్టులు మాత్రం ముట్టుకోకు, ఉన్నవి ఉన్నట్టే మళ్ళీ పెట్టు" అంది.

తీశాను. పెట్టాను. పిల్ల ఛాతీకీ బెల్టుకీ మధ్య నా అరచేయి దూరింది. వేళ్ళు కాదు, మణికట్టు దాకా మొత్తం అరచేయి. మూడు గంటల పైనే నా బిడ్డ ఆ సందులో ప్రయాణం చేసింది.

"ఇదంతా గాలి. కారు గుద్దుకుంటే జాకెట్ నలిగిపోతుంది. అప్పుడు నీ పాపకి మిగిలేది ఇంత వదులు" అని ఆవిడ మెల్లగానే చెప్పింది. తర్వాత బెల్టు లాగి బిగించి, భుజం దగ్గర రెండు వేళ్ళతో గిల్లినట్టు పట్టుకోబోయింది. వేళ్ళకి బెల్టు మడత దొరకలేదు. అలా దొరక్కూడదట. మధ్య క్లిప్ చంకల ఎత్తున ఉండాలట. చలికి కావలసినన్ని దుప్పట్లు కప్పుకోవచ్చు, అన్నీ బెల్టుల పైనే. పార్కింగ్‌లో నిలబడి భోరున ఏడ్చాను. ఆవిడ నా భుజం తట్టి, చేతిలో టిష్యూ పెట్టి వెళ్ళిపోయింది.

కారు కదిలాక కిరణ్ అన్నాడు, "సౌమ్యా, గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టెయ్. లావణ్య లింక్ అడిగింది కదా."

"తర్వాత పెడతాలే" అన్నాను.

ఇరవై ముగ్గురు మెచ్చుకున్న ఫోటో కింద, మూడు గంటల్లోనే, నా పిల్లని నేనే ప్రమాదంలో కూర్చోబెట్టాను అని రాయడానికి సిగ్గేసింది. ఇంటికెళ్ళాక తీరిగ్గా రాద్దామనుకున్నాను. నాలుగున్నరకి హోటల్ చేరాం. ఫోన్ మళ్ళీ ముట్టుకోలేదు.

శనివారం తొమ్మిదిన్నరకి గుండు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయించాలి. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉన్నాడు కాబట్టి అత్తయ్య ఒళ్ళో పిల్ల, పిల్ల ఎదురుగా కిరణ్ ఫోన్‌లో తమ్ముడు. "ఏడవకు బంగారూ, మామయ్య నిన్నే పట్టుకున్నాడు" అని వాడు అక్కణ్ణుంచి అరుస్తున్నాడు. పిల్ల ఏడుపుకి వాడి మాట ఎవరికీ వినపడలేదు. గుండుకి గంధం రాశాక దర్శనం బాగా జరిగింది. గుడి క్యాంటీన్‌లో పులిహోర, పెరుగన్నం వేడివేడిగా పెట్టారు. అక్కడి మెట్ల మీద మాత్రం మంచు గడ్డకట్టి ఉంటుంది, పిల్లల్ని ఎత్తుకుని దిగేటప్పుడు జాగ్రత్త.

ఆదివారం పదీ పదికి తిరుగు ప్రయాణం. అసలు యుద్ధం హోటల్ పార్కింగ్‌లో మొదలైంది.

"గుండు పిల్లకి నూలు టోపీ ఒక్కటేనా? మాడు మీద చలి ఎక్కితే ఎవరిదమ్మాయ్ పూచీ? జాకెట్ తొడుగు" అంది అత్తయ్య.

"బెల్టు ఒంటికి ఆనాలి అత్తయ్యా. మొన్న చూశారుగా."

"మొన్న వెంట్రుకలున్నాయి. నేను దీనికి శత్రువునా? దాని ముక్కు చూడు, ఎలా ఎర్రబడిందో!"

ముక్కు నిజంగానే ఎర్రగా ఉంది. నా చెయ్యి జాకెట్ మీదికి వెళ్ళింది కూడా. చలి కళ్ళెదుట ఉంది, ప్రమాదం ఎక్కడో ఉంది. ఒక్క క్షణం నేను ఓడిపోయేదాన్నే. కిరణ్ పిల్లని పలచటి స్వెట్టర్‌తో కూర్చోబెట్టి బెల్టు బిగించేశాడు. నేను జాకెట్‌ని వెనకది ముందుకి తిప్పి, బెల్టుల పైనుంచి చేతులకి తొడిగాను. అత్తయ్య తన శాలువా తీసి పిల్ల కాళ్ళ మీద పడేసి, ముందు సీట్లో కూర్చుని కిటికీ వైపు తిరిగింది.

పదకొండూ ఇరవైకి సోమర్‌సెట్ దాటాం. అప్పటిదాకా ఎండ. రెండు నిమిషాల్లో ఎదుట తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. మంచు అడ్డంగా కొడుతోంది. రోడ్డు ఎక్కడో, పక్క గట్టు ఎక్కడో తెలియడం లేదు. కిరణ్ వేగం తగ్గించి ముప్ఫై మైళ్ళకి తెచ్చాడు. ఉన్నట్టుండి ముందు రెండు ఎర్ర లైట్లు, చాలా దగ్గరగా.

బ్రేకు తొక్కితే కారు ఆగలేదు. పక్కకి తిరిగి, తన ఇష్టం వచ్చినట్టు జారింది. "స్వామీ! స్వామీ!" అని అత్తయ్య కేకలు. నేను పిల్ల మీదికి వంగి చెయ్యి అడ్డం పెట్టాను. చచ్చిపోతున్నాం అనుకున్నాను. కారు ముందు భాగం గట్టు పక్క పోగైన మంచులోకి దబ్బున దిగి ఆగింది.

అన్వి ఏడుపు అందుకుంది. జాకెట్ ఎత్తి చూశాను. రెండు భుజాల మీదా బెల్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి. తల మొన్నటిలా పైకి జారలేదు. టోపీ మాత్రం ఊడి, గంధం గుండు కనిపిస్తోంది.

అత్తయ్య తన బెల్టు విప్పుకుని వెనక్కి వంగింది. పిల్ల భుజం దగ్గర బెల్టుని గిల్లి చూసింది, ఆ పెద్దావిడ చేసినట్టే. మడత దొరకలేదు.

"ఆనే ఉందమ్మాయ్, ఆనే ఉంది" అని నా మొహంకేసి చూసి ఏడ్చేసింది.

పది నిమిషాలకి మంచు తోసే బండి వచ్చింది. డ్రైవర్ అద్దం దించి, పసిబిడ్డ బాగుందా అని అడిగాడు, కిరణ్ కారుని మంచులోంచి వెనక్కి తీశాక తన వెనకే నెమ్మదిగా రమ్మన్నాడు. బంపర్ సొట్ట తప్ప కారుకేమీ కాలేదు. కొండ కింద సొరంగం దాటాక ఎండ మళ్ళీ మామూలుగా కాస్తోంది, ఏమీ జరగనట్టు.

పన్నెండున్నరకి తర్వాతి ప్లాజాలో ఆగాం. టీ తాగడానికి లోపలికి వెళ్ళాం. నేను రెండు రోజుల తర్వాత ఫోన్ తెరిచాను. గ్రూపులో కొత్త ఫోటో. అదే జాకెట్, నీలం రంగు. ఉబ్బిన జాకెట్‌లో చేతులు చాచుకుని, బెల్టుల కింద, లావణ్య వాళ్ళ ఏడు నెలల బాబు నవ్వుతున్నాడు. "సౌమ్యక్క చెప్పిన జాకెట్! మేము గూడ గుడికే, గుండుకి. స్టార్ట్ అయినం." పది నలభైకి పెట్టింది.

ఆష్‌బర్న్ నుంచి వచ్చే దారి కూడా ఈ టర్న్‌పైక్‌లోనే కలుస్తుంది, ఈ పాటికి ఈ కొండల్లోకి ఎక్కుతూ ఉంటారు. మేము జారిన రోడ్డుకే వెళ్తున్నారు. ఫోన్ చేశాను. మోగనే లేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ. ప్లాజా అద్దాల్లోంచి చూస్తే అవతలి లేన్లలో పడమటికి పోయే కార్లు వరసగా కనిపిస్తున్నాయి. వాటిలో వాళ్ళ కారు ఏదో నాకేం తెలుసు? నా పిల్ల గురించిన భయమంతా ఆ ఇంకో పిల్లాడి మీదికి మళ్ళింది. వాణ్ణి అందులో కూర్చోబెట్టింది నేను.

ఆరోసారికి కలిసింది.

"అక్కా! గుండు ఫోటో పెట్టలేదేంది?"

"లావణ్యా, ఎక్కడున్నారు?"

"బ్రీజ్‌వుడ్ దాటినం. ఇంతసేపు సిగ్నలే లేకుండె. ఏమైంది, గొంతు గట్లుందేంది?"

"ముందు ప్లాజా వస్తుంది. అందులో ఆపండి. ఫోన్ పెట్టెయ్యకు."

పదకొండు నిమిషాలు. కారు ఆగాకే చెప్తానన్నాను, ఆమె అడగడం ఆపలేదు. కారు ఆగాక, జాకెట్ తీసెయ్, బెల్టులు ముట్టుకోకు, అలాగే మళ్ళీ పెట్టు, ఇప్పుడు మధ్యలో చెయ్యి పెట్టి చూడు అని చెప్పాను. క్లిప్ పడిన చప్పుడు వినిపించింది.

"అక్కా... నా చెయ్యి మొత్తం పోతున్నది."

బిగించడం ఎలాగో చెప్పాను. దుప్పటి పైన కప్పమన్నాను. కొండ మీద మంచు తగ్గేదాకా కదలొద్దన్నాను. సరే సరే అంటూ అన్నీ చేసింది. చివర్న అడిగింది.

"నీకిది ఎప్పుడు తెల్సిందక్కా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది.

"శుక్రవారం" అన్నాను.

లావణ్య ఏమీ అనలేదు. "బాబు ఏడుస్తుండు, పెడుతున్న" అని ఫోన్ పెట్టేసింది.

అయిదూ నలభైకి ఎడిసన్ చేరాం. కారు దిగకముందే, ఆ ఇరవై మూడు హార్ట్‌ల ఫోటో కింద జరిగిందంతా రాసి పెట్టాను. లావణ్య వాళ్ళు ఆ ప్లాజాలో రెండు గంటలు ఆగి, క్షేమంగా గుడికి చేరారు. ప్రయాణం ఎలా జరిగిందని అడిగితే దర్శనం బ్రహ్మాండంగా జరిగిందనే చెప్తాను, అది నిజమే. మంచులో కారు జారినప్పుడు చచ్చేంత భయమేసింది, అదీ నిజమే. కానీ ఇప్పటికీ నన్ను ఉలిక్కిపడేలా చేసేది ఆ జారుడు కాదు. శుక్రవారం అని నేను చెప్పాక, ఫోన్‌లో లావణ్య మాట్లాడని ఆ కాసేపు.