కళ్లు మూయని ప్రార్థన

ప్రొద్దుటూరులోని ఆ నర్సింగ్‌హోమ్‌లో నర్సు సుశీలమ్మ చేతికి చిక్కని నరం లేదని ప్రతీతి. వేంపల్లె, లింగాలల నుండి వచ్చిన వృద్ధులు సైతం డాక్టరుగారికన్న ముందుగా "సుశీలమ్మ ఉండాదా?" అని విచారించేవారు. జుట్టు నెరిసేదాకా ఆ వార్డులోనే తిరిగిన ఆమెకు, కొత్తగా చేరిన కెరోలిన్‌తో పెద్ద చిక్కే వచ్చిపడింది.

కెరోలిన్‌ది జమ్మలమడుగు. చేయి తేలిక, మనసు మెత్తన. అయితే తరతరాల మిషన్ కుటుంబంలో పుట్టినది కావడం చేత, కన్నులు మూసి దేవుని తలచుకొననిదే ఏ పనీ మొదలుపెట్టదు. అన్నానికీ అంతే, పరీక్షకూ అంతే, సూదికీ అంతే. సూది చేతబట్టి తన మీదికి వంగిన నర్సు గట్టిగా కన్నులు మూసుకొంటే రోగి గతి ఏమి కావాలి? ఒకాయన లుంగీ ఎగగట్టి మెట్లదాకా పరుగెత్తాడు. మస్తానమ్మ అనే ముసలామె "ఈ పాప చూడకుండా పొడుస్తాంది, రాండప్పో!" అని వార్డంతా ఏకం చేసింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే జమ్మలమడుగు బస్సెక్కించడమేనని డాక్టరుగారు తేల్చిచెప్పారు.

"ప్రార్థన మానుకోవాల్నా అమ్మా?" సుశీలమ్మ ఎదుట కెరోలిన్ కన్నులు నిండిపోయాయి.

"ఎందుకు మానుకుంటావే? నేనూ చర్చికి పొయ్యేదాన్నే గదా! మీ నాయన షేర్ ఆటో నడుపుతా ప్రార్థన చేసుకోడా?"

"ప్రతి మలుపులో చేసుకుంటాడు."

"కండ్లు మూసుకొనే?"

"మూసుకుంటే ఆటో పెన్నేట్లో ఉంటాది గదమ్మా!" ఏడుపు నడుమనే ఆ పిల్ల ఫక్కున నవ్వింది.

"మరి నీకేం రోగం? వేలితో నరం తడిమేటప్పుడే దేవునితో మాట్లాడుకో. చూపు మాత్రం నరం మీదే!"

అంతలో బంగారు అంగడి వీరభద్రయ్య జ్వరంతో వచ్చి చేరాడు. సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది.

"కండ్లు మూసే పాప నువ్వేనా?"

"ఇప్పుడు మూయను పెద్దాయనా." కెరోలిన్ కన్నులు విప్పార్చింది. రెప్పయినా వాల్చలేదు.

"ఏందమ్మా అట్ల చూస్తాండావు, మింగేస్తావా ఏంది? సుశీలమ్మా, దీనికంటే మూసుకునేదే నయం!"

సుశీలమ్మకు నవ్వు ఆగలేదు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే బస్సేనన్న మాట మాత్రం మనసులో మెదిలింది.

"పెద్దాయనా, మీరు కండ్లు మూసుకొని శివుణ్ణి తలుచుకోండి. మూసేది మీ వంతు, తెరిచేది ఆ పాప వంతు."

ఆయన పంచాక్షరి అందుకొన్నాడు. కెరోలిన్ పెదవులు మెల్లగా కదిలాయి. శివనామమూ యేసునామమూ ఆ ఇరుకు మంచం మీద ఒక్కచోట కలిసికొన్నాయి. సుశీలమ్మ ఆ పిల్ల వెనుకనే నిలిచింది.

"ఇంగెప్పుడు గుచ్చేది?" వీరభద్రయ్య గొంతు వినిపించింది.

"అయిపాయ పెద్దాయనా. సెలైన్ ఎక్కతాంది."

"శివశివా! చీమ కుట్టినట్టు గూడా లేదే! రేపు గూడా ఈ పాపనే పంపీండప్పా!"

వార్డంతా గొల్లున నవ్వింది. సుశీలమ్మ మాత్రం చీకటిలోనే నిలబడి ఆ నవ్వులు వింటున్నది. భుజం మీద చల్లని చేయి పడింది.

"అమ్మా," అన్నది కెరోలిన్ గుసగుసగా, "ఇంగ మీరు కండ్లు తెరవచ్చు."