నల్లచేపల సీసా

చేపల తొట్టి ముందు నిలబడితే మా బాపు అంత పెద్ద ఆఫీసరు మిల్లులో కూడా లేడనిపించేది. కాగజ్‌నగర్‌లో కాగితాల మిల్లు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నేనూ, ఇద్దరు తమ్ముళ్ళూ నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. పక్కింటి బెంగాలీ ఆయన ఉద్యోగం మారి వెళ్ళిపోతూ తన గాజు తొట్టిని, అందులోని నాలుగు ఎర్రచేపలను బాపుకు ఇచ్చిపోయాడు. వచ్చిన రోజునుంచే అవి నావి. తమ్ముళ్ళు గాజు మీద వేలు పెడితే వీపు మోగించేదాన్ని.

ఒకసారి బాపు హైదరాబాద్ పోయి రెండు నల్లచేపలను కొన్నాడు. డబ్బాలో నీళ్ళు పోసి, రైలులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. నేను ఎగురుకుంటూ డబ్బాను తొట్టి దగ్గరికి తీసుకుపోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగే! కొత్తగ వచ్చినయి ఏం రోగం తెచ్చినయో ఎవలికెరుక? ఒక నెల వేరుగుండాలె. గా బెంగాలాయన మరీ మరీ చెప్పి పోయిండు."

బిస్కట్ల కొట్టునుంచి వెడల్పు మూతి సీసా ఒకటి అడిగి తెచ్చాడు. అడుగున కడిగిన ఇసుక పోసి, నిలవ నీళ్ళు నింపి, వరండా అవతలి మూలన పెట్టాడు. దానికి వేరే చెంబు, పాత దోమతెర గుడ్డతో కుట్టిన వేరే వల.

"ఇండ్ల పెట్టిన చెయ్యి అండ్ల పెడితే ఇరగ్గొడ్త," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది గానీ ఆ మాట దాటలేదు. నా ఎర్రచేపలకు ఏమన్నా అయితే నేనే ఊరుకునేదాన్ని కాదు.

కొన్నాళ్ళకే నల్లచేపల ఒంటి మీద ఉప్పు రవ్వలు అతికినట్టు తెల్లచుక్కలు లేచాయి. బాపు మొహం వెలిగిపోయింది.

"చూసినవా, వేరుగ పెట్టుడు మంచిదైంది!"

అవ్వ కూడా వంగి చూసింది. ఆ పూట పప్పులో పోపు లేదు. ఇంట్లో ఎవరికైనా ఒంటినిండా పొక్కులు లేస్తే తల్లి వచ్చిందని పోపు మానేస్తారు. చేపల కోసం కూడా మానేస్తారని నాకెలా తోస్తుంది? నూనె అయిపోయిందనుకున్నాను.

వారం తిరక్కముందే నా ఎర్రచేపల మీద చుక్కలు కనిపించాయి. వల కలపలేదు, చెంబు కలపలేదు, మరి ఎలా? తమ్ముళ్ళిద్దరినీ పట్టుకుని బాదాను. వాళ్ళు ఏడుస్తూ ఒట్లు పెట్టుకున్నారు. బాపు తొట్టి ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున నేను వరండాలోకి వచ్చేసరికి అవ్వ తల మీద కొంగు కప్పుకుని సీసా ముందు ఉంది. వేపమండ ఆ నీళ్ళలో ముంచి గడప మీద చల్లింది. తమ్ముళ్ళ పక్కల మీద చల్లింది. మళ్ళీ ముంచి, "తల్లీ, అందరిని సల్లగ సూడు," అంటూ నా తొట్టిలో చల్లింది.

"అవ్వా! ఏం జేస్తున్నవే? నువ్వే సంపుతున్నవు వాటిని!"

మండ లాక్కుని వాకిట్లోకి విసిరేశాను. నా కేకకు బాపు ఒంటి చెప్పుతోనే పరుగెత్తుకొచ్చాడు. అవ్వ నా చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టలేదు. అప్పుడు నాకు భయమేసింది.

"తల్లి వచ్చినోళ్ళను వేరుగ పెడితే ఏమైతదో నాకెరుక," అంది సీసా వైపే చూస్తూ. "వాణ్ణి గూడ గిట్లనే పెట్టిన్రు, పెరట్ల గొడ్ల కొట్టంల. ఒక్క మండ నీళ్ళు సల్లనియ్యలే నన్ను."

"ఎవలినవ్వా?"

"ఇగ ఊకో," అన్నాడు బాపు.

"నీ అన్నను. నువ్వు నా కడుపుల ఉంటివి. నీకేమన్న అయితదని నన్ను కొట్టం దిక్కు పోనియ్యలే. అవ్వా అవ్వా అని వాడు ఒర్రుతుంటే ఇంట్ల కూసోని ఇన్న."

మిల్లు కూత వేసింది. బాపు కదలలేదు. ఆ క్షణం దాకా ఆ ఇంట్లో మొదటి బిడ్డను నేనేనని తమ్ముళ్ళ మీద పెత్తనం చేస్తూ తిరిగాను. నాకొక అన్న ఉండేవాడని ఆ ఇంట్లో ఒక్కరూ పొరపాటున కూడా అనలేదు.

బాపు సీసాలోనూ తొట్టిలోనూ మందుగా ఉప్పు వేశాడు. అవ్వ వద్దనలేదు. చివరికి ఎర్రవాటిలో ఒకటి, నల్లవాటిలో ఒకటి మిగిలాయి. చుక్కలు రాలిపోయాక నేను నల్లదాన్ని ఎత్తి తొట్టిలో వేస్తుంటే అవ్వ వచ్చి పక్కన నిలబడింది.

"అన్న ఎంత ఉండెనే?" అన్నాను మెల్లగా.

అవ్వ నేలనుంచి చెయ్యి ఎత్తి చూపింది. సరిగ్గా మా చిన్న తమ్ముడంత.