సొలొమోను మింగిన సూది

ఉద్యోగంలో నా చివరి నియామకం వేంపల్లె వైపు ఒక ప్రాంతీయ పశువైద్యశాలకు. కరోనా సద్దుమణిగిన తర్వాతి వేసవిలో సహాయ సంచాలకుడి హోదాలో అక్కడ చేరాను. మా శాఖలో పశువైద్యుడు మొదట సహాయ శస్త్రవైద్యుడిగా చేరి, జుట్టు నెరిసే వేళకు సహాయ సంచాలకుడవుతాడు. హోదా పెరిగినా ముందున్న ‘సహాయ’ మాత్రం పోదు. జనానికి ఈ తేడాలు పట్టవు. వాళ్ళకు మేమందరం గొడ్ల డాక్టర్లమే. అందులో తప్పేమీ లేదు. మొదట కర్నూలు పడమటి మండలాల్లోనూ, తర్వాత కడప జిల్లాలోనూ నా సర్వీసంతా ఎనుములతో (గేదెలను అక్కడ అలాగే అంటారు), ఎద్దులతో, గొర్రెలతోనే గడిచింది.

గొడ్ల వైద్యంలో ఒక లెక్క ఉంటుంది. జబ్బుపడిన ఎనుము ముందుకు రాగానే ఎన్నో ఈత, పూటకు పాలెన్ని, బాగైతే సంతలో ఏమి పలుకుతుంది అని డాక్టరు మనసులో వేసుకుంటాడు. మందుల ఖర్చు దాని వెలను దాటేటట్టుంటే ఆ మాట రైతుకు ముందే చెప్పాలి. ఇది కఠినత్వం కాదు. ఎనుముతోపాటు రైతు కూడా బతకాలి. ఆ లెక్కలో నేను ఆరితేరినవాణ్ణని నాకు పేరు. ఆ లెక్క ఎందుకూ కొరగాని కేసు ఒకటి నేను చేరిన కొత్తలోనే వచ్చింది.

ఒక ఉదయం రూతమ్మ అనే ఆమె మూతికి గుడ్డ కట్టిన వెదురుబుట్ట పట్టుకొని వచ్చింది. బస్టాండు వెనక వీధిలో ఇంట్లోనే మిషను పెట్టుకొని బట్టలు కుడుతుంది. భర్త తుమ్మలపల్లె గనిలో కాంట్రాక్టు పనికి పోతాడు. పిల్లలు లేరు. ఆమె వెనకనే తెల్లపంచె, భుజాన తువ్వాలుతో ఒక పెద్దమనిషి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె బావగారు, అంటే భర్తకు అన్న, యేసురత్నం. చర్చిలో సంఘపెద్ద, వృత్తిరీత్యా గొర్రెల వ్యాపారి. సంతలో గొర్రె నడుము మీద చెయ్యి పెట్టి కిలోల్లో బరువు చెప్పగలడు.

బుట్టలో ఉన్నది చెవి మీద మచ్చ ఉన్న ఎర్రటి మగపిల్లి. పేరు సొలొమోను. ఆ పేరు విన్నప్పుడల్లా యేసురత్నం ముఖం తిప్పుకునేవాడు. బైబిల్లోని రాజు పేరు పిల్లికి పెట్టడం ఆయనకు ఇష్టం లేదు.

మా రిజిస్టరులో ఆవుకు, ఎనుముకు, గొర్రెకు, మేకకు, కోడికి వేర్వేరు గడులున్నాయి. సొలొమోనును ‘ఇతరములు’ కింద రాయించి ఏమైందని అడిగాను.

“జాకెట్టుకు చేతికుట్టు వేస్తా సూది పక్కన పెట్టినా సార్. ఎవరో పిలిస్తే లేసిపోయినా. తిరిగొచ్చి సూస్తే సూదీ లేదు, దారమూ లేదు. వీడు మూతి తుడుచుకుంటా కూర్చోనుండాడు” అంది రూతమ్మ. అప్పట్నుంచి తిండి ముట్టలేదు, చొంగ కారుస్తున్నాడు.

నోరు తెరిచి చూడాలి. మా అటెండరు మస్తాన్ కోడెదూడను ఒంటిచేత్తో తాడేసి పడగొట్టే మనిషి. పిల్లిని పట్టుకోమంటే రెండడుగులు వెనక్కి వేశాడు. “ఎద్దుకు రెండే కొమ్ములు సార్. దీనికి కాళ్ళనిండా ఉండాయి” అన్నాడు. చివరికి గోనెసంచిలో చుట్టి తల మాత్రం బయటికి పెట్టి పట్టుకున్నాం. నాలుక ఎత్తి చూస్తే అడుగున నీలం దారం మెలికపడి ఉంది. రెండో కొస గొంతులోకి పోయింది.

యేసురత్నం బెంచీ మీంచి లేచి వచ్చి తొంగి చూశాడు. “దారం కనపడనే కనపడ్తాండాది కదా సార్. పట్టి లాగితే సూది దాని ఎంబడే వస్తాది” అన్నాడు.

ఈ సలహా ఇంటింటా ఇస్తారు. చాలా పిల్లులు చచ్చేది సూదితో కాదు, ఈ సలహాతోనే. సూది లోపల ఎక్కడో గుచ్చుకొని ఉంటుంది. దారం లాగితే పేగు కుచ్చిళ్ళు పడుతుంది, గట్టిగా లాగితే కోసుకుపోతుంది. నేను ఇదంతా విడమరిచి చెప్పబోయేలోపే రూతమ్మ బావగారి చెయ్యి పక్కకు నెట్టింది. “కుట్టు వేసిన గుడ్డలో దారం లాగితే ఏమైతాదో నాకు తెలుసు, నువ్వు ముట్టొద్దు బావా” అంది.

సూది ఎక్కడుందో తెలియాలంటే ఎక్సరే తీయాలి. మా ఆసుపత్రిలో ఎనుమును నిలబెట్టి కట్టే ఇనుప చట్రం ఉంది, పిల్లికి ఎక్సరే తీసే యంత్రం లేదు. ఊళ్ళో మనుషులకు తీసే చోటికి ఫోను చేసి బతిమాలాను. అక్కడి కుర్చీల్లో మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చెయ్యి విరిగినవాళ్ళు కూర్చొని ఉండగా సొలొమోను పేరు పిలిచారు. రూతమ్మ బుట్టతో లేచేసరికి అందరూ తమ నొప్పులు మరిచిపోయారట. ఫిల్ము కవరు మీద ‘సొలొమోను, పురుషుడు’ అని రాసి, కింద ‘పేషెంటు సహకరించలేదు’ అని కూడా రాసి పంపారు.

సూది కడుపులో, పేగు మొదలయ్యే చోట అడ్డంగా ఉంది. కడుపు కోసి తీయాలి. పిల్లికి మత్తివ్వడం ఎద్దుకు ఇచ్చినట్లు కాదు. మోతాదు కొంచెం ఎక్కువైతే లేవదు, తక్కువైతే బల్ల మీద ఉండదు. అందుకు కావలసిన పరికరాలు మా దగ్గర లేవు. కడపలో కుక్కలకు, పిల్లులకు సొంతంగా క్లినిక్ నడుపుతున్న ఒక జూనియరు ఉన్నాడు. అతనితో మాట్లాడి, ఖర్చు ఎంతవుతుందో కనుక్కొని ఇద్దరి ముందూ చెప్పాను.

యేసురత్నం ఆ సంఖ్యను నాతో రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ దుడ్డుకు రెండు పొట్టేళ్ళు వస్తాయన్నాడు. రూతమ్మ మోటారు మిషను కొనడానికి కూడబెట్టుకున్నదంతా ఇంచుమించు అంతేనని కూడా ఆయనే నాకు చెప్పాడు. ఆమె అప్పటిదాకా కాలితో తొక్కే పాత మిషను మీదే కుడుతోంది. మోకాళ్ళు అరిగిపోయాయి.

“పిల్లి ఊరికే దొరికేది కదమ్మా. వీధికి పది తిరుగుతాండాయి. దీన్ని రిపేరు చేపించేదేమి?” అన్నాడు.

రూతమ్మ భర్తకు ఫోను చేసింది. అతను డ్యూటీలోకి దిగబోతూ నీ ఇష్టం అన్నాడట. ఆమె ఫోను పెట్టేసి బావగారి వైపు తిరిగింది. “మిషన్లు యాడికీ పోవు బావా, కంపెనీలో చేస్తానే ఉంటారు. సార్, చీటీ రాయండి” అంది. కడప చేరేదాకా బతుకుతాడా అని మాత్రం అడిగింది. బతకవచ్చు, ఖాయంగా చెప్పలేను అన్నాను. ఉన్నమాట అదే కాబట్టి.

నేను రెఫరల్ చీటీ రాస్తుండగా యేసురత్నం నన్ను వరండాలోకి పిలిచాడు. ఆయన దగ్గర ఒక ఉపాయం ఉంది. ఆమెను బయట కూర్చోబెట్టి నేను పిల్లికి నొప్పి తెలియకుండా ఆఖరి సూది వేయాలి. వైద్యం జరుగుతోంది, రెండు దినాలు ఈడనే ఉండాలి అని ఆమెకు చెప్పాలి. ఆలోగా ఆయన అచ్చం అట్లాంటి ఎర్రపిల్లినే తెస్తాడు. బాగైపోయిందని చేతికిస్తే సరి. మిషను దుడ్డు మిగులుతుంది, ఆమె కళ్ళు తుడుచుకునే పనీ ఉండదు.

“నా మరదలు మేలుకోరే చెప్తాండా సార్. నాకు దాంట్లో ఏమొస్తాది?” అన్నాడు. నిజమే, ఆయన మనసులో కల్మషం లేదు. గుంపులో ఒక గొర్రె పోతే ఇంకొక గొర్రెను కలిపి లెక్క సరిచేయడం ఆయనకు నిత్యం చేసే పని.

జంతువుకు మరణసూది వేయాలంటే యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలని నిబంధన. ఆ మాట చెప్పాను. ఇంటిపెద్దను నేనే కదా, సంతకం నేను పెడతా అన్నాడు. ఆయన పెద్దరికం పిల్లి దాకా పోదని చెప్పి లోపలికి వచ్చేశాను. రూతమ్మ తర్వాతి బస్సుకే బుట్ట ఒడిలో పెట్టుకొని కడపకు పోయింది.

మరుసటి ఉదయం నేను వచ్చేసరికి యేసురత్నం బెంచీ మీద ఉన్నాడు. ఒళ్ళో ఇంకొక బుట్ట. పిల్లి కడపలో ఎటూ చచ్చిపోతుంది, రూతమ్మ వట్టి చేతులతో వస్తే ఇల్లు చావింటిలా అవుతుంది, అందుకే ముందుగానే తెచ్చానన్నాడు. సరిపోతుందో లేదో ఒకసారి చూడమన్నాడు.

“పండ్లు సూసినా సార్, వయసు సరిపోయింది. తోకా అంతే. చెవి మింద ఆ మచ్చ ఒగటి తక్కువ” అన్నాడు.

పిల్లిని బల్ల మీదికి తీశాను. సొలొమోనులా కాదు, పెద్దింటి బిడ్డలా నెమ్మదిగా కూర్చుంది. ఒళ్ళు నున్నగా ఉంది. తోక ఎత్తి చూశాను, కడుపు కింద చెయ్యి పెట్టి చూశాను. ఎర్రపిల్లుల్లో ఎక్కువ భాగం మగవే పుడతాయి. యేసురత్నానికి దొరికింది ఆడది. పైగా నిండు చూలాలు.

సొలొమోను బాగై వచ్చి నాలుగు పిల్లల్ని పెడితే రూతమ్మకు ఏమి చెప్తావు అని అడిగాను. గొర్రె కడుపు తాకి నెల చెప్పగల మనిషి వంగి పిల్లి కడుపు వైపు చూశాడు. “గోడ మింద కూర్చోనుండె సార్. లేపి సూసేంత తీరిక ల్యాకపాయ” అన్నాడు. ఏ గోడ అని అడగబోతుండగానే గేటు దగ్గర ఆటో ఆగింది.

దిగింది సుశీలమ్మ టీచరు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మంది ఆమె చేత దెబ్బలు తిన్నవాళ్ళే. చేతికర్ర తాటించుకుంటూ వరండా ఎక్కి, నిన్న సాయంత్రం నుంచి తన పిల్లి కనిపించడం లేదని, చూలుతో ఉన్నదని, ఎవరైనా దెబ్బలతో తెచ్చారేమో అడుగుదామని వచ్చానని నాతో చెబుతూ చెబుతూ బల్ల వైపు చూసింది. పిల్లి ఆమెను చూసి మ్యావుమంది. యేసురత్నం గబుక్కున లేచాడు, బుట్ట కిందపడింది. ఆ చప్పుడుకు పిల్లి బెదిరి, కిటికీలోంచి దూకి, ఇనుప చట్రం మీది రేకుల షెడ్డు ఎక్కి కూర్చుంది.

“ఏరా యేసురత్నం, నువ్వా తెచ్చింది?” అంది టీచరు.

ఆయన చేతులు కట్టుకున్నాడు. అంత వయసొచ్చినా ఆ చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. జరిగింది చెప్పేశాడు. చివరికి అలవాటు కొద్దీ అనకూడని మాట కూడా అనేశాడు. “పోతే పోనీ టీచర్. సాయంత్రానికంతా ఇట్లాంటిదే ఇంకోటి తెచ్చిస్తా.”

సుశీలమ్మ టీచరు కళ్ళద్దాలు సరిచేసుకుంది. “నువ్వు తొమ్మిదో తరగతి రెండుసార్లు తప్పినావు. మీ నాయన నిన్ను పారేసి ఇంకోణ్ణి తెచ్చుకున్నాడా?” అంది. తర్వాత చేతికర్రతో రేకుల వైపు చూపించింది.

మస్తాన్ నిచ్చెన తెచ్చాడు. యేసురత్నం పంచె ఎగ్గట్టి ఎక్కాడు. ఎండకు రేకులు కాలుతున్నాయి. ఆయన ఒక కొస నుంచి పాకితే పిల్లి ఇంకొక కొసకు పోతుంది. గొర్రెల మందు కోసం వచ్చిన రైతులు కింద నిలబడి కుడి అని ఒకరు, ఎడమ అని ఒకరు సలహాలిచ్చారు. ఆయన సంఘస్థులు ఇద్దరు దారిన పోతూ ఆగి, ఏమప్పా పెద్దాయనా, పైకెందుకు పోతాండావని అడిగారు. టీచరు మాత్రం కుర్చీ తెప్పించుకొని కూర్చుంది. చూలాలిని పరిగెత్తించవద్దని, మెల్లగా పిలవమని పైకి ఆదేశించింది. ఏమని పిలవాలని ఆయన అడిగాడు. బంగారు అని పిలవమంది. సంఘపెద్ద రేకుల మీద మోకాళ్ళూని “బంగారూ, రామ్మా” అని పిలిచాడు. నాకు ఓపీ చూసే పని ఉన్నా గది లోపలికి పోలేకపోయాను.

పిల్లి చివరికి తన ఇష్టం కొద్దీ చట్రం మీదుగా దిగి టీచరు ఒళ్ళోకి వచ్చింది. ఆయనే మిగిలిపోయాడు. ఎక్కినంత సులభంగా దిగలేకపోయాడు.

ఆయన నిచ్చెన మీద ఉండగానే కడప నుంచి ఫోను వచ్చింది. సూది వచ్చేసింది, పేగు తెగలేదు, పిల్లి మత్తులోంచి లేచి మా జూనియరు చెయ్యి గీరింది. విషయం పైకి కేకేసి చెప్పాను. యేసురత్నం నిచ్చెన మెట్టు పట్టుకొని నా వైపు తిరిగాడు. “బతికెనా? పోనీలే సార్” అన్నాడు. ఆ గొంతులో నాకు సంతోషమే వినిపించింది. కుట్లు విప్పించడానికి రూతమ్మ వచ్చినప్పుడు బుట్ట మోసుకొచ్చింది ఆయనే. పిల్లిని పేరు పెట్టి మాత్రం పిలవలేదు. రూతమ్మ ఆ ఏడు పండగల గిరాకీ అంతా పాత మిషను మీదే తొక్కి కుట్టింది. మోకాళ్ళ నొప్పుల గురించి నాతో చెప్పుకుందిగానీ, పెట్టిన ఖర్చు ఊసు ఎత్తలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఒక పద్ధతి పాటించాను. కుక్కో పిల్లో వచ్చినప్పుడు చుట్టాలందరినీ వరండాలోనే కూర్చోమని, దానికి రోజూ కూడు పెట్టేది ఎవరని అడిగేవాణ్ణి. ఆ ఒక్కరినే లోపలికి పిలిచి జబ్బేమిటి, బతికే అవకాశమెంత, ఖర్చెంత అన్నీ దాచకుండా చెప్పేవాణ్ణి. అంత పెట్టడం దండగా కాదా అన్నది డాక్టరు చెప్పవలసిన విషయం కాదు. గొడ్డు వెల సంత చెబుతుంది. పెంపుడు జంతువు వెల పెంచినవాళ్ళు చెబుతారు. ఆ రెండో వెలను మూడో మనిషి ముందు అడిగితే డాక్టరు సమయం వృథా అవుతుంది, ఒక్కోసారి ఆసుపత్రి రేకులు కూడా సొట్టపోతాయి.