లైన్ మంచిగనే ఉన్నది బావా

మా వియ్యంకుడు పోయాడని కోరుట్ల నుంచి బిడ్డ ఫోన్ చేసినప్పుడు నేను నవ్వాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ జరిగింది అదే. అప్పుడే తెల్లారింది. సిరిసిల్లలో మా ఇంటి గద్దె మీద చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"బాపూ, మా మామ పోయిండు" అంది.

"ఎటు పోయిండు, దుబాయా?" అన్నాను.

మా వియ్యంకుడూ నేనూ ఒకరినొకరు ఏడిపించుకోవడంలో దేనికీ వెనుకాడేవాళ్లం కాదు. అంతకు వారం ముందే నేను ఆయన కళ్లద్దాలు బియ్యం డబ్బాలో దాచి పూటంతా వెతికించాను. దానికి పగ తీర్చుకోవడానికి కోడలితో ఈ మాట చెప్పిస్తున్నాడనుకున్నాను. బిడ్డ ఫోన్ పెట్టేయలేదు. వెనక మా వియ్యపురాలి ఏడుపు వినబడింది. ఆ చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు.

అప్పటి నుంచి ఒకచోట నిలవలేకపోతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు. సోమవారం, గురువారం వచ్చాయంటే కాళ్లు వాటంతటవే బస్టాండు దారి పడతాయి. మొన్న కోరుట్ల బస్సెక్కి, వేములవాడలో దిగి, తిరిగొచ్చాను. "ఏంది తాతా, ఏమన్న మరిచినవా?" అని కండక్టర్ అడిగాడు. ఇంకో రోజైతే వాడిని ఒక ఆట ఆడించేవాడిని. దిగిపోయాను.

ఆయన టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా పనిచేసి దిగిపోయినవాడు. నేను సిరిసిల్లలో సాంచెలు నడిపినవాణ్ని. సాంచె అంటే మా దగ్గర మరమగ్గం. దాని చప్పుడులో నా చెవులు సగం పోయాయి, బడి ఐదో తరగతితోనే పోయింది. ఆయన పోల్ ఎక్కడం మానేసి చాలా ఏళ్లయినా చూపు మాత్రం తీగల మీదే ఉండేది. బస్సులో అందరూ దారి చూస్తే, ఈయన తల పైకెత్తి ఏ తీగ వేలాడుతుందో, ఏ పోల్ ఒరిగిందో చూసుకుంటూ కూర్చునేవాడు. ఫోన్‌లో మాట్లాడితే వీధి చివరి దాకా వినబడేది. "ఏం బావా, ఫోన్ లేకుండనే జగిత్యాల దాకా అందిస్తున్నవా?" అనేవాణ్ని.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఎవరి ఇంట్లో ఫోన్ పనిచేయకపోయినా తాను ముట్టుకునేవాడు కాదు. ఇంటివాళ్లతోనే నంబర్ తిప్పించి పక్కన నిలబడి వినేవాడు. "నేను చేస్తె నాకు పోతది. నీకెందుకు పోతలేదో గట్ల ఎట్ల తెలుస్తది? నీ చేత్తోనే చెయ్యి" అనేవాడు.

రెండేళ్ల కింద ఆయన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు జగిత్యాలలో డయాలసిస్. అల్లుడికి కొలువు, బిడ్డకు ఇల్లు, అందుకని తోడుపోయే పని నేను పెట్టుకున్నాను. ఆదివారం కోరుట్లకు వెళ్లి గురువారం సాయంత్రం దాకా వాళ్లింట్లోనే ఉండేవాణ్ని. బిడ్డనిచ్చిన ఇంట్లో అన్ని రోజులు తినడం మా వైపు మర్యాద కాదు. ఆయన వదులుతాడా! "ఇల్లరికం అల్లుళ్లను శానమందిని చూసిన గని, ఇల్లరికం మామను గిప్పుడే చూస్తున్న" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నేను ఇంకో ముద్ద ఎక్కువ పెట్టించుకునేవాణ్ని.

ఆ డయాలసిస్ సెంటర్‌లో కంప్యూటర్ పని చూసేది మా ఇద్దరి మనవరాలే. ఎవరు ఏ రోజు, ఎన్ని గంటలకు రావాలో రోగుల ఫోన్లకు మెసేజ్ పోయేటట్టు ఒక అప్లికేషన్ తయారుచేసింది. ఆయనను కోరుట్ల తాత అనేది, నన్ను సిరిసిల్ల తాత అనేది. ఆ మెసేజ్ మీద సారంగాపూర్ నుంచీ బుగ్గారం నుంచీ కూలి పనులు చేసుకునేవాళ్లు బండ్లు మాట్లాడుకుని వచ్చేవాళ్లు.

ఇప్పుడు చెప్పేది ఒక సోమవారం సంగతి. ఆయన మంచం మీద ఉన్నాడు, ఎడమ చేతికి సూదులు, పక్కన మిషన్ తిరుగుతోంది. పది గంటలకు సెంటర్ నర్సమ్మ గాబరాగా వచ్చింది. మిషన్లకు శుద్ధి చేసిన నీళ్లిచ్చే ప్లాంటు మోటరు కాలిపోయిందట. ట్యాంకులో ఉన్న నీళ్లు ఈ ఒక్క రోజుకే. రేపు మిషన్లు నడవవు. రేపటివాళ్లలో ఆగలేనివాళ్లు ఇవాళే మూడు గంటలకల్లా రావాలి. అందరికన్నా ముందు నేను బుగ్గారం చెల్లె అని పిలిచే ఆమె. నాట్లకూ కలుపుకూ పోయే మనిషి, మామూలుగా మాతోపాటే సోమ, గురువారాలు వచ్చేది. పోయిన వారం జ్వరంతో ఒక వంతు తప్పింది, ఈసారిది రేపటికి మార్చారు, ఇది కూడా తప్పితే ప్రాణానికే ముప్పు అన్నాడు డాక్టరు.

"మెసేజ్‌లు పెట్టమ్మా" అంది నర్సమ్మ.

మనవరాలు ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని తాత మంచం పక్కన స్టూల్ మీద కూర్చుంది. ముఖం పాలిపోయింది. "పోతలేవు సిస్టర్. పొద్దుగాల నుంచి ఒక్కటి కూడ పోలే."

నిన్ననే పాత సర్వర్ తీసి కొత్తది పెట్టిందట. సర్వర్ అంటే అడిగినవాళ్లకు పేజీ చూపించే పెద్ద కంప్యూటర్ అని నాకు చెప్పింది. అది మెసేజ్‌లు పంచే కంపెనీ కంప్యూటర్‌కు కబురందిస్తే, అక్కడి నుంచి ఫోన్లకు పోతాయి. ఆ కబురే అందడం లేదు.

"ఆ కంపెనీ సర్వరే పడిపోయింది కావచ్చు తాతా" అంది.

"ముందుగాల అవుతలోన్ని తిట్టకు" అన్నాడు మా వియ్యంకుడు. "బయటోళ్లు నీ దగ్గరికి రాగలుగుతున్నరా?"

"అస్తున్నరు. సైట్ మంచిగనే తెరుచుకుంటుంది."

"అంటె ఇన్‌కమింగ్ ఉన్నది, అవుట్‌గోయింగ్ లేదు. నువ్వు ఆ మిషన్‌ల కూసోని చేత్తోని పంపినవా?"

"కొత్త సర్వర్‌లకు లాగిన్ అయి ఉత్త కబురు పంపిన. పోయింది. మెసేజ్‌లు పంపాల్సిన అప్లికేషన్ పంపితెనే పోతలేవు. గదే నాకు అర్థమైతలేదు!"

నేను మంచానికీ కిటికీకీ మధ్య తిరుగుతూ, "ఇంకేంది? దానికి నువ్వంటె భయం, మాకంటె లెక్కలేదు" అన్నాను.

"బావా, నీ కాళ్లు చూస్తె నా బీపీ పెరుగుతుంది" అన్నాడాయన. "బయటకు పోయి ఫోన్లు చెయ్యి. మెసేజ్ పొయ్యేలోపల మనిషి చెప్పచ్చు గదా. వాళ్లతోని టైం మల్ల చెప్పించుకో."

నర్సమ్మ కాగితం మీద పేర్లు రాసిచ్చింది. నేను వరండాలోకి వెళ్లి మొదట బుగ్గారం చెల్లెకే చేశాను.

"చెల్లే, రేపు మిషన్లు నడువయి. నీ వంతు ఇయ్యాల మూడు గంటలకు మార్చిండ్రు. జల్దిన రా."

"డబ్బ తేవాల్నా అన్నా? రెండు తేవాల్నా, మూడు తేవాల్నా?" అని ఫోన్ పెట్టేసింది.

ఆ డబ్బాల సంగతి చెప్పాలి. అంతకు నెల ముందు నేను గొంతు మార్చి ఆమెకు ఫోన్ చేశాను. సెంటర్‌లో ఇవాళ బగార అన్నం పెడుతున్నారు, డబ్బా తెచ్చుకోమన్నాను. ఆమె రెండు డబ్బాలు తెచ్చింది. రెండోది మనవడికట. అందరూ నవ్వారు, నేను మరీ ఎక్కువ నవ్వాను. ఆమె ఆ రెండు డబ్బాలూ సంచిలో పెట్టుకుని నాలుగు గంటలు కళ్లు మూసుకుని పడుకుంది.

మళ్లీ చేశాను. ఎత్తలేదు. నర్సమ్మ ఫోన్ నుంచి చేశాను, ఎత్తలేదు. ఇంకోసారికి ఎత్తింది కానీ, నర్సమ్మే మాట్లాడినా, "నీ గొంతు మంచిగ మార్చుతున్నవే ముసలోడా" అని కట్ చేసింది. మిగిలినవాళ్లలోనూ ఇద్దరు నన్ను నమ్మలేదు. వరండా ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్నిసార్లు తిరిగానో! పదకొండున్నర దాటింది. బుగ్గారం నుంచి రావాలంటే ఆమె ఒంటి గంటకైనా కదలాలి.

లోపలికి వెళ్లి చెప్పాను. "బావా, ఆమె నమ్ముతలేదు. నాతోనే ఖరాబైంది."

ఆయన నా వైపు చూసి, మనవరాలి వైపు తిరిగాడు. "బిడ్డా, ఒక్కటి చెప్పు. నీ అప్లికేషన్ అడిగినంక, కాదని ఎంతసేపటికి చెప్తుంది?"

ఆమె తెర మీద వరసలు పైకీ కిందికీ జరిపింది. "ఎంతసేపేంది తాతా... అడిగిన సెకండ్‌లనే ఫెయిల్ అని ఉంది."

"అగో!" అని లేవబోయాడు. సూదుల చెయ్యి కదిలింది, మిషన్ కుయ్యిమంది, నర్సమ్మ పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ తిట్టింది. ఆయన పడుకునే చెప్పాడు. "తీగ తెగితె జవాబు రాదు బిడ్డా, ఎదురుసూసుడే ఉంటది. ఎత్తంగనే కాదన్నదంటె తీగ మంచిగున్నది, తాళం ఏసిండ్రు. మా ఎక్స్‌చేంజ్‌ల గట్లనే ఉండేది. ఆఫీసర్ ఫోన్ నుంచి ఏడికైనా పోయేది. గుమస్త ఫోన్ నుంచి ఊరు దాటేది కాదు. ఒకటే తీగ. నువ్వు ఆఫీసర్ పేరు మీద చేస్తున్నవు, పోతుంది. గా అప్లికేషన్ గుమస్త. దాని చేత్తోనే చేయించి, ఏమంటదో చదువు."

మనవరాలు వేళ్లు టకటకలాడించింది. అప్లికేషన్ లోపలి నుంచే ఒక్క మెసేజ్ పంపించే చిన్న పేజీ రాసింది. నొక్కింది. "పర్మిషన్ లేదంటుంది తాతా! కొత్త సర్వర్‌ల సెక్యూరిటీ ఉన్నది. పేజీలు చూపించే ప్రోగ్రాం తనంతట తను బయటకు కనెక్షన్ పెట్టద్దని రూల్. పాతదాంట్ల గిది లేకుండె. నేను లాగిన్ అయి చేస్తె నాకు ఆ రూల్ తాకలే." గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "సెక్యూరిటీ మొత్తం బంద్ చేస్తె అయిపోతది, ఒక్క నిమిషం."

"ఆగు. తాళం పలగ్గొట్టుడెందుకు? దానికి కావల్సిన చెవి ఒక్కటియ్యి."

ఆమె ఆగి, వెతికి, ఆ ఒక్క అనుమతి తెరిచింది.

"రేపు కరెంటు పోయి అస్తె మల్ల మూసుకుంటదా?" అన్నాడాయన.

మనవరాలు నాలుక కరుచుకుంది. మళ్లీ ఏదో కొట్టింది. "ఇగ మూసుకోదు."

అరనిమిషంలో, పొద్దున్నుంచి ఆగిన మెసేజ్‌లన్నీ కదిలి, ఆయన దిండు మీద ఉన్న ఫోన్ మోగింది. పక్క మంచం మీదిది మోగింది. అటు వైపుది మోగింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ రోజు పొద్దున నుంచి నేను కదలకుండా నిలబడింది అప్పుడే.

మూడు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ ఉండగా బుగ్గారం చెల్లె తన కొడుకు మోటార్‌సైకిల్ మీద వచ్చింది. ముఖం ఉబ్బి ఉంది, ఆయాసపడుతోంది. నన్ను దాటిపోతూ, "మెసేజ్ అచ్చింది కాబట్టి అచ్చిన. నువ్వు చెప్పితె అచ్చిన్నని అనుకోకు" అంది.

సాయంత్రం కోరుట్ల బస్సులో నేను కాళ్లు చూసుకుంటూ కూర్చున్నాను. ఆయన కిటికీలోంచి తీగలు చూస్తూ చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "నీ లైన్ మంచిగనే ఉన్నది బావా. అవుతలోళ్లు నీ పేరు మీద తాళం ఏసుకున్నరు."

"ఎట్ల తీయించుకోవాలె?"

"కలిసినప్పుడల్ల ఒక్క నిజం చెప్పు. సిన్నదే చెప్పు. అగ్వకే అయితది, పైస ఖర్సు లేదు."

ఆ గురువారం ఆమె దగ్గరికి వెళ్లి, "చెల్లే, బయట వాన పడుతుంది" అన్నాను. ఆమె లేచి కిటికీలోంచి చూసుకుంది. తర్వాతి సోమవారం, "బుగ్గారం ఆటో అచ్చింది" అన్నాను. వెళ్లి చూసుకుంది. రెండు నెలలు అలాగే. ఒక రోజు, "నీ బరువు రెండు కిలోలు పెరిగింది, నీళ్లు ఎక్కువ తాగుతున్నవు" అన్నాను. చూసుకోలేదు. "తాగుతున్న అన్నా, ఎండకు ఆగుతలేను" అంది. మా వియ్యంకుడు పక్క మంచం మీద నిద్ర నటిస్తున్నాడు. కనురెప్పలు అదురుతున్నాయి.

ఇప్పుడు ఆయన లేడు. గుండె ఆగిందన్నారు. నిద్రలోనే.

ఐదో రోజు ఆయన పేరున పిట్టకు పెట్టాము. వాళ్లింటి వెనక ఆకులో అన్నం, కూర, గుడ్డు పెట్టి అందరం దూరం జరిగి నిలబడ్డాము. సెంటర్‌లో తోటి రోగులు ఆటో మాట్లాడుకుని వచ్చారు, ఒక్కొక్కరి చేతికీ పట్టీ. కాకి ఒకటి ప్రహరీ మీద వాలి ఆకు వైపు చూస్తోంది. అది ముడితేనే పోయిన మనిషి తృప్తిపడ్డట్టు. అప్పుడు డజను ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. కాకి ఎగిరిపోయింది.

అల్లుడు కోపంగా చూశాడు. మనవరాలు తల దించుకుంది. రేపటి వంతుల మెసేజ్‌లు అవి. ఒకరొకరుగా ఫోన్లు తీసి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టి చూసుకున్నారు. బుగ్గారం చెల్లె కొంగుముడి విప్పి ఫోన్ తీసింది. ఆమెకు చదువు రాదు. పక్కనే కొడుకు ఉన్నాడు, మనవరాలు ఉంది. ఆమె వాళ్లను దాటి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"సదువు అన్నా."

"రేపు పొద్దుగాల ఆరు గంటలు" అన్నాను.

"ఏ మంచం?"

అక్కడ ఆగిపోయాను. నోటికి వేరే అంకె వచ్చింది. ఆరు అనొచ్చు, ఏడు అనొచ్చు, రేపు పోయాక ఎలాగూ తెలుస్తుంది కదా అనిపించింది. ఆమె నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"నాలుగు" అన్నాను.

అది మా వియ్యంకుడి మంచం. ఆమెకూ తెలుసు. ఫోన్ తీసుకుని కొంగులో ముడేసుకుని, ఆ ముడిని ఒకసారి పిడికిట్లో బిగించి పట్టుకుని ఆటో వైపు నడిచింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు, పట్టీల చేతులు ఒకరిదొకరికి తగలకుండా బయటికి చాపి పెట్టుకున్నారు. ఆటో మలుపు తిరిగే దాకా ఆ చేతులు కనబడ్డాయి.