పదికి ఎనిమిది

బాలమణి పని అడగడం.

జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో, ఇక చేసేదేమీ లేదని పెద్ద దవాఖానలు తిప్పి పంపిన వాళ్ల ఇళ్లకు ఆమె వెళ్తుంది. నొప్పి మాత్రలు ఇస్తుంది. పుండ్లు కడుగుతుంది. ఎముకలు తేలిన వీపు కింద మెత్త ఎట్లా పెట్టాలో ఇంట్లోవాళ్లకు చూపిస్తుంది. నాలుగేళ్లుగా దీనికి తోడు ఇంకో పని ఉంది. చావు దగ్గరపడ్డ మనిషికి ఏం కావాలి, పక్కనున్న వాళ్లకు ఏం కావాలి అని హైదరాబాదులోని ఒక సంస్థ అధ్యయనం చేస్తోంది. ఆ ప్రశ్నలు బాలమణి చేతిలోని ట్యాబ్‌లో ఉంటాయి. రోగికి ముప్పై రెండు. ఇంట్లోవాళ్లకు ఇరవై ఏడు. మనిషి పోయిన నెలకు, మళ్లీ ఇంట్లోవాళ్లకు, ఇరవై ఒకటి.

ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. ఝరాసంగం పక్క ఊళ్లో పుట్టింది. తల్లి పరాయి చేలల్లో కలుపు తీసేది. చర్చి వాళ్లు చదివిస్తే నర్సు అయింది. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ మాట్లాడుతుంది కనుక ఈ పనికి ఆమెను తీసుకున్నారు.

రోగిని విడిగా అడగాలి, ఇంట్లోవాళ్లను విడిగా అడగాలి. ఇక్కడ విన్నది అక్కడ చెప్పకూడదు. అది నియమం. మొదటి ఏడాది ఒకసారి ఆమె అది తప్పింది. న్యాల్‌కల్‌లో నీలమ్మ అనే ముసలామె, కోడలు తనకు కడుపునిండా పెట్టడం లేదని చెప్పింది. బాలమణి ఉండబట్టలేక కొడుకుతో అన్నది. మరుసటి వారం వెళ్లేసరికి కోడలి చేతికి కట్టు ఉంది. నీలమ్మ మళ్లీ నోరు విప్పలేదు. మూసిన నోటితోనే పోయింది. అప్పటినుంచి బాలమణి విన్నది విన్నచోటే వదిలేసి వస్తుంది.

నవంబరు పదకొండున ఆమె రేవణసిద్ధప్ప ఇంటికి వెళ్లింది.

ఆయన లింగాయతు రైతు. అరవై తొమ్మిదేళ్లు. కడుపులో మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకింది. దవాఖాన పంపేసి వారం అయింది. అప్పటినుంచి మార్ఫిన్ మాత్రలు, రోజుకు నాలుగు. కొడుకు మంజునాథ్ వాకిట్లోనే ఆమెను ఆపాడు.

"సిస్టరమ్మా, మా బాపుకు అల్సర్ అని చెప్పినం. ఇంకో మాట మీ నోట్లకెళ్లి రానియ్యకున్రి."

అరుగు మీద కూర్చుని అతని ఇరవై ఏడు ప్రశ్నలు ముందు అడిగింది. రోగికి తన జబ్బేమిటో తెలుసా అన్నది నాలుగోది.

"తెల్వది. తెల్వనియ్య."

"తెలిస్తే ఏమైతదని?"

"మా చిన్నాయనకు చెప్పిన్రు. చెప్పినంక మూడే దినాలు. అన్నం బంద్ చేసి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు." అతను కంది చేల వైపు చూశాడు. "మా బాపు ఇంక తింటున్నడు. పొద్దుగాల అర్ధ రొట్టె తిన్నడు."

లోపల రేవణసిద్ధప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. మెడలో లింగం ఉన్న చిన్న వెండి కాయ. భార్య శరణమ్మను బయటికి పంపి, బాలమణి తలుపు దగ్గరగా వేసింది.

"పటేలా, నొప్పి ఎంతున్నది? ఏం లేకుంటే సున్నా. ఓర్వలేనంత అయితే పది."

"మార్కులా?"

"గట్లనే అనుకోన్రి."

"ఐదో తరగతిల నాకు పదికి రెండు దాటలే. మా సారు తల కొట్టుకునెటోడు." ఆయన పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇప్పుడు ఎనిమిది రాసుకో. పాసయిన."

"మాత్రలు మింగుతున్నరా?"

"మావోడు దగ్గరుండి ఇస్తడు."

తన జబ్బేమిటో తెలుసా అన్న ప్రశ్న వచ్చింది. ఆమె మామూలుగా చదివింది. ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అల్సర్ అంటున్రు. సరే. గా హైదరాబాద్ దవాఖాన్ల ఆడోళ్లు మొగోళ్లు అందరు గుండ్లే. గంతమంది ఒక్కటే దినం తిరుపతికెళ్లి వచ్చిన్రా?"

బాలమణి నవ్వలేదు. తెలుసు అన్నచోట వేలు పెట్టింది.

ఇప్పుడు మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏది అన్నది ఇరవయ్యో ప్రశ్న. చాలామంది దీని దగ్గర చాలాసేపు ఊరుకుంటారు. ఆయన ఊరుకోలేదు.

"జంగమయ్యను పిలవాలె. విభూతి వీళ్యం కావాలె."

వాళ్లలో అది ఉంది. పోయే మనిషికి స్నానం చేయించి, నుదుట విభూతి పెట్టి కూర్చోబెడతారు. వాళ్ల కులగురువు జంగమయ్య వస్తాడు. పోయే మనిషి విభూతి, తమలపాకులు, వక్క తన చేత్తో ఆయనకిచ్చి, పోయొస్తానని చెప్పుకుంటాడు. ఆ తర్వాత ఎప్పుడు ప్రాణం పోయినా పరవాలేదు.

"నా చేతితోని ఇయ్యాలె," అన్నాడు రేవణసిద్ధప్ప. "మా నాయిన ఇచ్చిండు. మా తాత ఇచ్చిండు. తెలివి ఉన్నప్పుడే గావాలె. మత్తుల ఇస్తె అది ఇచ్చినట్టు గాదు."

"మీ కొడుకుకు చెప్పున్రి మరి."

"ఎట్ల చెప్పాలె? నాకు ఎరుకలేదని వాడు జర నిలబడ్డడు. ఎరుకేనంటె కూలబడ్తడు. నువ్వు చెప్పు. పిల్వమని నువ్వే అన్నట్టు చెప్పు."

"నేను చెప్పరాదు పటేలా. ఈడి మాట ఆడ అనొద్దని మాకు కాయిదా."

"చావుకు గూడ కాయిదానా?" ఆయన కళ్లు మూసుకున్నాడు. "సరే తీయ్. మీ అమ్మ మా చేన్ల కలుపు తీసేది. గామె గూడ గిట్లనే, ఎవరింటి మాట ఎవరింట్ల అనకపోయేది."

"మల్లొచ్చినప్పుడు మీ ఇద్దర్ని ఒక్కదగ్గర కూసోబెట్టి మాట్లాడిపిస్త. గట్ల చెయ్యనిస్తరు. ఫికర్ చెయ్యకున్రి."

"జల్ది రా," అన్నాడాయన.

నొప్పి ఏడు దాటితే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. బాలమణి చేను గట్టు మీద నిలబడి, ఈ రోగుల మందులు చూసే డాక్టర్ శోభారాణికి ఫోన్ చేసింది. మాత్రలు పడుతున్నా నొప్పి ఎనిమిదంటున్నాడని చెప్పింది. పూటకు ఒకటి బదులు రెండు ఇమ్మన్నది డాక్టర్. అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం గురించి కూడా బాలమణి అడిగింది. రోగి ఒప్పుకున్నాడు కనుక చేయవచ్చు, తనూ వస్తాను, ఇరవయ్యో తారీకు ఖాళీ ఉంది అన్నది డాక్టర్.

బాలమణి వెనక్కి వెళ్లి మందు సంగతి శరణమ్మకు చెప్పింది. శరణమ్మ మాత్ర పట్టీ చేతిలో పట్టుకుని, "మాత్రంటెనే మొకం తిప్పుకుంటున్నడు," అన్నది.

"నూరి బెల్లం నీళ్లల్ల కలిపి తాగిపియ్యి వదినా. చేదు తెల్వది."

తన పని తను సరిగ్గా చేసింది.

పదమూడున ఫోన్ చేస్తే మంజునాథ్ గొంతు తేలికగా ఉంది. "మంచిగున్నడు సిస్టరమ్మా. మూలుగుడు లేదు. హాయిగ పండుకుంటున్నడు." పదహారున చేస్తే మళ్లీ అదే మాట. అన్నం సంగతి ఆమె అడిగింది. "లేపితె రెండు బుక్కలు తింటున్నడు," అన్నాడు. ఆ రెండు రోజులూ ఆమె చిరాగ్‌పల్లిలో వేరే ఇళ్లకు తిరిగింది. ట్యాబ్‌లో ఆయన నొప్పి గడిలో సున్నా వేసింది.

ఇరవయ్యో తారీకు డాక్టరూ ఆమె కలిసి వెళ్లారు. రేవణసిద్ధప్ప పడుకుని ఉన్నాడు. పిలిస్తే కళ్లు తెరిచాడు, చూపు ఎవరి మీదా ఆగలేదు. ఊపిరి లోతుగా వచ్చి, ఆగి, మళ్లీ వస్తోంది. డాక్టర్ నాడి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. మత్తు కొంత మందుది, ఎక్కువ కాలేయానిది అన్నది. మందు తగ్గించింది. ఇక గంటలే అని మంజునాథ్‌కు బయట చెప్పింది.

అప్పుడు అతనే జంగమయ్యను పిలిచాడు.

జంగమయ్య రాచయ్య వచ్చాడు. శరణమ్మ తడిగుడ్డతో భర్త ఒళ్లు తుడిచింది. ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు. తల ఆగడం లేదు, మంజునాథ్ తన భుజం ఆసరా ఇచ్చాడు. తండ్రి అరచేతిలో విభూతి ఉండ, తమలపాకులు పెట్టి, ఆ చేతిని తన చేత్తో మూసి పట్టుకుని ముందుకు చాచాడు. రాచయ్య అందుకున్నాడు. ఒక ఆకు చాప మీద పడింది. ఎవరూ తీయలేదు.

తలుపు బయట నిలబడి బాలమణి చూసింది.

మర్నాడు పొద్దున ఆయన పోయాడు. వాళ్ల పద్ధతిలో కూర్చోబెట్టి, కంది చేను మూలలో సమాధి చేశారు.

నెల తర్వాత ఇరవై ఒక్క ప్రశ్నలతో ఆమె మళ్లీ వెళ్లింది. మంజునాథ్ అరుగు మీద కూర్చున్నాడు. శరణమ్మ గడపలో కూర్చున్నది. ఆరు ప్రశ్నలు సాఫీగా జరిగాయి. చివరి రోజుల్లో రోగి కోరుకున్నది జరిగిందా అన్నది ఏడోది.

"జరిగింది," అన్నాడు మంజునాథ్. "నొప్పి లేకుండ పోయిండు. జంగమయ్య గూడ వచ్చిండు. బాపుకు ఏం ఎరుకగాలే."

బాలమణి జరిగింది అన్నచోట వేలు పెట్టింది. ఈలోపు శరణమ్మ లేచి లోపలికి వెళ్లి, గుడ్డ ముక్కలో కట్టిన మూట తెచ్చి ముందు పెట్టింది.

"గివేం మాత్రలు సిస్టరమ్మా? మెత్త ఉతుకుదమని విప్పితె దూది నడుమ ఉన్నయ్."

చిన్న తెల్లటి మాత్రలు. కొన్నిటికి నోటి తడి తగిలి అంచులు కరిగి ఉన్నాయి. బాలమణి లెక్కపెట్టింది. ఇరవై ఆరు. తను మొదటిసారి వచ్చిన రోజుకు ఆయనకు ఇచ్చినవి ఇరవై ఎనిమిది. మొదటి రెండూ మింగి ఉంటాడు. నిద్ర వస్తుందని అప్పుడే తెలిసి ఉంటుంది.

"బాపు మాత్రలే గివి," అన్నాడు మంజునాథ్. "నేనే నోట్లేసి నీళ్లు తాగిపిచ్చేది. ఎందుకు దాసిండు?"

మనిషి పోయినా అతని మాట ఇంకొకరికి చెప్పకూడదు. సంస్థ ఇచ్చిన నియమాల కాగితంలో అదీ ఉంది. బాలమణి ట్యాబ్ పక్కన పెట్టింది.

"తెలివి ఉండాల్నని. జంగమయ్యకు తన చేతితోని ఇయ్యాల్నన్నడు. జబ్బేందో మీ బాపుకు ఎరుకనే. నిన్ను కూలబడనియ్యొద్దని చెప్పలే."

మంజునాథ్ ఒక మాత్రను వేళ్ల మధ్య తిప్పాడు.

"ఎప్పుడన్నడు మీతోని?"

"మొదటి దినమే. పదకొండు తారీకు."

"జంగమయ్య ఊర్లనే ఉన్నడు," అన్నాడతను. "గా తొమ్మిది దినాలు. మా వాకిట్లకెళ్లే పోయిండు రోజు."

"నొప్పి ఎనిమిదని చెప్పి మందు పెంచిపిచ్చింది నేను," అన్నది బాలమణి. "మింగుతలేడని నేను కనిపెట్టలే."

"బెల్లం నీళ్లల్ల కలిపింది నేను," అన్నది శరణమ్మ. "తియ్యగున్నదే అని తాగిండు."

వాకిటి ముందునుంచి ఒక ట్రాక్టర్ పోయింది.  మంజునాథ్ గుడ్డ నాలుగు కొసలూ దగ్గరికి తెచ్చి మాత్రల్ని మళ్లీ మూటకట్టాడు.

"నేను చెప్పిన జవాబు మార్చున్రి. జరగలేదని రాయున్రి."

ఆమె మార్చింది.

"ఇంక ఎన్ని ఉన్నయ్?"

"పద్నాలుగు. ఇంకో దినం వస్త."

"వద్దు. అడుగున్రి."

ఎనిమిదో ప్రశ్న పోయిన మనిషి గురించి కాదు. ఇంట్లోవాళ్లకు రాత్రి నిద్ర పడుతోందా అని. బాలమణి ట్యాబ్ ఒళ్లోకి తీసుకుని, ముందు శరణమ్మను అడిగింది.