అది పాన్ మరక కాదు

నాకు క్షయ అంటించింది నా బావమరిది యాదగిరి అని కిషన్‌బాగ్‌లో మా గల్లీ అంతా ఇప్పటికీ అనుకుంటుంది. అది నిజం కాదు. జబ్బు ముందు వచ్చింది నాకు. నా నుంచే అతనికి అంటింది. ఈ ఒక్క మాట చెప్పకుండా నాలుగేళ్లు నోరు మూసుకుని కూర్చున్నాను.

పోలీసు యాక్షన్ తరువాత నాలుగో ఏడు. ఆఫీసుల్లో ఉర్దూ ఫైళ్లు పోయి ఇంగ్లీషువి వస్తున్నాయి. ఎవరిని ఉంచుతారో, ఎవరిని ఇంటికి పంపుతారోనని గుమాస్తాలందరం భయపడుతున్న రోజులు. సాయంత్రాలు సన్నటి జ్వరం, పొడి దగ్గు నాకు అప్పటికే ఉన్నాయి. ఒకరోజు బల్ల దగ్గర కూర్చుని దగ్గి రుమాలు చూసుకుంటే, దారమంత ఎర్రటి చార. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంటికి వెళ్తూ దారిలో పాన్ కొని నమిలాను. అంతకుముందు నాకు ఆ అలవాటు లేదు. ఇకమీదట రుమాలు మీద ఎరుపు కనిపిస్తే పాన్ మరక అనుకుంటారని ఆలోచించి మరీ మొదలుపెట్టాను.

నా భార్య నర్సమ్మ ఆ రుమాళ్లు ఉతుకుతూ, "నలభై ఏండ్లు దాటినంక గీ పాన్ షోకేంది?" అని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

యాదగిరి నర్సమ్మ తమ్ముడు. ఇరవై ఆరేళ్లవాడు. రైల్వేలో ఫిట్టర్, ఫలక్‌నుమాలో ఒక గది తీసుకుని ఒంటరిగా ఉండేవాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి నన్ను చార్మినార్ దాకా నడిపించేవాడు. అక్కడ ఇరానీ హోటల్లో ఒకే చాయ్ తీసుకుని పంచుకునేవాళ్లం. ఒకరికి కప్పు, ఒకరికి సాసర్. వేడి కప్పులోనే నిలుస్తుంది కాబట్టి సగంలో మార్చుకోవాలి. సాసర్‌లో పోసే ముందు అతనికో పట్టు ఉండేది.

"చెప్పు బావా, ఈ వారం మంచిగ ఏమైంది?"

"ఏమైతది? ఎండలు మండుతున్నయి."

"గది లెక్కల రాదు. చెప్తెనే పోస్త."

ఏదో ఒకటి వెతికి చెప్పాల్సి వచ్చేది. మామిడిపండు తియ్యగా ఉందనో, ఆఫీసు కిటికీలో గాలి బాగా వచ్చిందనో. అతను మాత్రం వెతుక్కునేవాడు కాదు. "మా మేస్త్రీ వారమంత నన్ను తిట్టలే. మస్తు ఫికరైతుంది, పానం బాగలేదేమో" అని పగలబడి నవ్వేవాడు. తరువాత రెండో ప్రశ్న. "వచ్చే ఐతారం దాంక ఏం చేస్తవ్?" గొడుగు బాగు చేయిస్తాననేవాణ్ణి. డాక్టరుకు చూపించుకుంటానని ఒక్క ఆదివారం కూడా అనలేదు. ఎదురుగా కూర్చుని దగ్గుతూనే ఉన్నాను. లేచేటప్పుడు అతనే నాకు పాన్ కట్టించేవాడు. "మా బావకు ఇష్టం" అని పాన్ డబ్బావాడితో గొప్పగా చెప్పేవాడు.

ఏడాది తిరిగేసరికి అతనికి జ్వరం పట్టుకుంది. రైల్వే వాళ్లు చేయించిన ఎక్స్‌రేలో కుడి లంగ్ మీద ప్యాచ్ కనిపించింది. స్పుటమ్ పాజిటివ్, అంటే కఫంలో క్షయ క్రిములున్నాయి అన్నారు. ఊరి బయటి టీబీ ఆసుపత్రిలో చేర్చారు. నెల తరువాత నాకు పిడికెడు రక్తం పడింది. ఇక పాన్ పేరు చెప్పి దాచగలిగింది కాదు.

డాక్టరు నా ఫిలిం వెలుతురుకు పట్టి, "ఇది ఓల్డ్ కావిటీ, ఊపిరితిత్తిలో పాత గుంట. ఎన్నాళ్ల నుంచి దగ్గుతున్నారు?" అని అడిగాడు.

"రెండు నెలలు" అన్నాను.

ఆయన నా వైపు చూసి, మళ్లీ ఫిలిం వైపు చూసి, రాసుకున్నాడు. పక్కనే ఉన్న మా అమ్మ అప్పుడే తీర్పు చెప్పేసింది. "గా యాదగిరిగాడే అంటించిండు. ఎంగిలి చాయ్‌లు తాగకుండ్రి అంటె విన్నరా?" నర్సమ్మ తల వంచుకుంది. నేను కాదనలేదు.

అదే ఆసుపత్రిలో తొమ్మిది నెలలు ఉన్నాను. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఐ.ఎన్.హెచ్. మాత్రలు, పి.ఏ.ఎస్. పొడి. ఆ పొడి మింగితే వాంతయ్యేది. ఇంజెక్షన్ల వల్ల చెవుల్లో హోరు మొదలై ఎడమ చెవి సగం పోయింది. అయినా ఆదివారం వచ్చిందంటే యాదగిరి తన వార్డు నుంచి సొంత గ్లాసు పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చేవాడు. "చెప్పు బావా, మంచిగ ఏమైంది?" పొడి వాంతి కాలేదని చెప్పేవాణ్ణి. ఆ మాటకు చప్పట్లు కొట్టేవాడు. "నీకు అంటించిన పాపం నాదే బావా" అని ఒకసారి అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది.

నాకు నెగటివ్ వచ్చింది. ఇంటికి పంపారు. అతనికి మందు చాలలేదు. ఆపరేషన్ చేసి కొన్ని పక్కటెముకలు తీశారు. ఒక భుజం కుంగింది, సుత్తి ఎత్తే పని పోయింది. అతనికీ నెగటివ్ వచ్చాకనే పంపారు. కానీ మా అమ్మ అతని కోసం వసారా గూట్లో వేరే కప్పు పెట్టింది. వచ్చినప్పుడల్లా ఎవరూ చెప్పకుండానే ఆ కప్పు తీసుకుని, తాగి, తనే కడిగి బోర్లించేవాడు. నేను లోపల అందరి కప్పుల్లో తాగేవాణ్ణి.

పోయిన వానాకాలం అతనికి మళ్లీ జ్వరం వచ్చి అదే ఆసుపత్రిలో చేరాడు. "రెసిస్టెన్స్ వచ్చింది, ఇక మందులు పనిచేయవు. రెండో లంగ్‌కు పాకింది" అన్నాడు డాక్టరు. ఇంకా ఎన్నాళ్లుంటాడని అడిగితే, "వచ్చే ఆదివారం రండి. తప్పకుండా రండి" అన్నాడు. ఆ రోజే కప్పు సంగతీ అడిగాను. "అంటించేది కప్పు కాదండీ, దగ్గు. ఎదురుగా కూర్చున్నవాడి దగ్గు."

దీపావళికి ముందే యాదగిరి పోయాడు.

ఇప్పుడు నాకు జ్వరం లేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, అంతే. ఆదివారాలు ఇంట్లోనే చాయ్ తాగి, ఆ వారం జరిగిన మంచి ఒకటి నర్సమ్మతో చెబుతాను. ఆమె ఒక్కోసారి జవాబిస్తుంది, ఒక్కోసారి ఇవ్వదు. మొన్న "మల్లెలు అగ్గువైనయి" అంది. చదివేవారికి చెప్పేది ఒకటే. దగ్గు మూడు వారాలు విడవకపోతే ఎక్స్‌రే, స్పుటమ్ పరీక్ష చేయించుకోండి. ఎరుపు కనిపిస్తే ఆ రోజే వెళ్లండి. మీ ఎదురుగా కూర్చునేవాళ్లకు ఆ రోజే చెప్పండి.

అతను పోకముందు, డాక్టరు రమ్మన్న ఆదివారం, నర్సమ్మ ఎదుటే యాదగిరికి అంతా చెప్పాను. ఆఫీసులో కనిపించిన చార, పాన్, డాక్టరుతో ఆడిన అబద్ధం.

"గా రుమాళ్లు నా చేతులతోని ఉతికిన" అంది నర్సమ్మ.

"పాన్‌లు నేనే కొనిస్తుంటి" అన్నాడు యాదగిరి. గోడవైపు తిరిగి, "పో బావా" అన్నాడు.

వారమంతా నర్సమ్మ నాతో మాట్లాడలేదు. మరుసటి ఆదివారం సంచి సర్ది నాతోపాటు వచ్చింది. మంచం దగ్గర ఇంట్లోని మంచి కప్పు తీసి తమ్ముడికి చాయ్ పోసింది. తరువాత వసారా గూట్లో అతనికని పెట్టిన కప్పు అదే సంచిలోంచి తీసి నా చేతికిచ్చింది.

యాదగిరి ఆ కప్పు వైపు చూశాడు. ఊపిరి కూడదీసుకుంటూ, "ఈ వారం మంచిగ అయింది గిదే" అన్నాడు. తరువాత తన రెండో ప్రశ్న, "వచ్చే ఐతారం దాంక ఏం చేస్తవ్ బావా?" అన్నాడు.

"గల్లీల అందరికి తెల్వాలె. రాసి పెడ్త."

"గల్లీకి రాస్తవ్. మరి నాకేం చెప్తవ్?"

కప్పు కింద పెట్టి అతని చెయ్యి పట్టుకున్నాను.

"దగ్గు నాది, అబద్ధం నాది. పేరు నీ మీద పడనిచ్చిన. తప్పయింది యాదగిరీ, నన్ను మాఫ్ చెయ్."