పల్లికట్టె వామి చాటున

నేను పుట్టిన నేలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాకే వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఖిల్లా ఘణపూర్ గుట్ట చుట్టూ డ్రోన్ ఎగరేసి, ప్రతి గట్టునూ ప్రతి వాగునూ ఎత్తుపల్లాలతో సహా మా కంపెనీ వాళ్లం తెర మీదికి తెచ్చాం. అక్కడ సైన్యం సాధన చేయబోతోంది. సైనికులు నిజం నేల మీదే నడుస్తారు, కాల్పులు మాత్రం ఉత్తుత్తివే. తూటా ఎవరికి తగిలినట్టో, ఎవరు దేని చాటున బతికినట్టో మేం ఎక్కించిన నేలను చూసి కంప్యూటర్ తేలుస్తుంది. అందులో తప్పు దొరికితే పాత మ్యాపులతోనే కానిచ్చుకుంటామని సాధన నడిపే మేజర్ ముందే చెప్పేశాడు. అంటే మేం మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

ఆ పొద్దున నా కాలు ఒకచోట నిలవలేదు. గుడారంలో తెర మీద నీలం చుక్కలు కదులుతున్నాయి. ఒక్కో చుక్క ఒక్కో సైనికుడు. అవి ఎటు పోతే నేనూ అటే వాలుతున్నాను.

"అదిగో మా చేను! ఆ మూల బండ మాదే!" అని అరిచాను. మేజర్ నవ్వలేదు.

చుక్కలు సరిగ్గా మా బండ చాటుకే చేరాయి. గుట్ట మీది ఎదుటి జట్టు కాల్పులు మొదలుపెట్టింది. అందరూ క్షేమం అంది కంప్యూటర్. నేను చప్పట్లు కొట్టేశాను.

అంతలో గుట్ట మీది నుంచి వైర్‌లెస్‌లో కోపంగా ఒక గొంతు. బండ వెనకవాళ్లు నడుము నుంచి పైకంతా కనబడుతుంటే క్షేమం ఏమిటని. మేజర్ నా వైపు తిరిగాడు. తెర మీద బండను మళ్లీ చూశాను. చిన్నప్పుడు ఒక్క గెంతుతో ఎక్కి కూర్చున్న బండ, ఇప్పుడు మనిషికంటే ఎత్తుంది! వేరుశనగ కాయలు తెంపాక మిగిలే పల్లికట్టెను, చెద పట్టకుండా అమ్మ ఏటా ఆ బండ మీదే బర్రెల మేతకు వామిగా కుప్ప వేస్తుందని అప్పుడు వెలిగింది. వెంటనే ఫోన్ చేశాను.

"అమ్మా, బండ మీద వామి ఉన్నదా?"

"యాడున్నదే? బర్రెలు ఎప్పుడో తినిపాయె. ఏందే గంత పరేషానైతున్నవ్?"

డ్రోన్ ఎగిరిన రోజు వామి నిండుగా ఉంది. పైన కప్పిన మట్టిరంగు పట్టాను చూసి కంప్యూటర్ దాన్నీ రాయే అనుకుంది. అక్కడికక్కడే వామిని చెరిపేశాను. నీలం చుక్కలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. బయట చేనులో సైనిక కుర్రాళ్లు చచ్చినట్టు, నవ్వుకుంటూ వెల్లకిలా పడుకున్నారు. మేజర్ గుట్ట వైపు ఒకసారి, తెర వైపు ఒకసారి చూసి, పాత మ్యాపులు లోపల పెట్టేయమన్నాడు. నాకు అక్కడే గంతులేయాలనిపించింది.

సాయంత్రం ఇంటికి పోయి, ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను. అమ్మకు ఒక్క మాటే వినబడింది.

"సచ్చిన్రా? చిన్న పిల్లలా?"

"తెర మీదనే అమ్మా. అందరు మంచిగున్నరు, బువ్వ తింటున్నరు."

అమ్మ బర్రెకు కుడితి పెట్టి నా వైపు తిరిగింది.

"మల్ల వస్తె జర ముందుగాల చెప్పు బిడ్డా. వామి ముట్టకుంట ఉంచుత. బర్రెలకు ఏరే మేత చూస్త."